టెండరు కొని వెనుదిరిగినవాళ్లు: డాక్టర్ కె.ఎల్. రావు స్మారక ఉపన్యాసం



డాక్టర్ కానూరి లక్ష్మణరావు గారి పేరిట మాట్లాడేవాళ్లు సాధారణంగా నదుల గురించి మాట్లాడతారు. నేను టెండర్ల గురించి మాట్లాడదలిచాను. ఏ ప్రాజెక్టునైనా నేల మీద కట్టేముందు కాగితం మీద రెండుసార్లు కడతారు. ఒకసారి డిజైనులో, ఒకసారి ఒప్పందంలో. రావు గారు మొదటిదానిలో ఆరితేరినవారు. రెండోదానిలో మనం ఇంకా తడబడుతూనే ఉన్నాం. ప్రభుత్వ నిర్మాణ పనులకు విదేశీ సంస్థలు ఎందుకు వస్తాయి, ఎందుకు రావు, వచ్చినట్టే వచ్చి ఎందుకు వెళ్లిపోతాయి అన్నది ఇవాళ్టి విషయం.

రావు గారు 1902లో కృష్ణా జిల్లా కంకిపాడులో పుట్టారు. చిన్నతనంలోనే ఒక కంటి చూపు పోయింది. ఇంగ్లండు వెళ్లి బర్మింగ్‌హాం విశ్వవిద్యాలయంలో డాక్టరేటు చేశారు. విజయవాడ నుంచి పార్లమెంటుకు ఎన్నికై, 1963 నుంచి పదేళ్లు కేంద్రంలో నీటిపారుదల, విద్యుత్ శాఖలు చూశారు. పులిచింతల జలాశయానికి ఇవాళ ఆయన పేరే ఉంది. ఆయన తరం ముందు కూడా మన ప్రశ్నే నిలిచింది. అప్పట్లో భాక్రా ఆనకట్టకు హార్వే స్లోకమ్ అనే అమెరికా నిపుణుణ్ణి పిలిపించి నిర్మాణ బాధ్యత అప్పగించారు. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేసిన నాగార్జునసాగర్‌లో వేరే దారి పట్టారు. పెద్ద యంత్రాలు దిగుమతి చేసుకోవడానికి విదేశీ మారకం లేదు. రాయి ఉంది, చేతులు ఉన్నాయి. వేలాది కూలీలతో రాతికట్టడంగానే లేపారు. స్లోకమ్ అనే మనిషిని తెచ్చుకున్నాం, బర్మింగ్‌హాం చదువును తెచ్చుకున్నాం. కంపెనీని తెచ్చుకోవడం ఆనాటి ఆలోచనలోనే లేదు.

ఇవాళ పరిస్థితి తిరగబడింది. కంపెనీ రావాలని ప్రతి ప్రభుత్వమూ కోరుకుంటుంది. సింగపూరుకు, టోక్యోకు, దావోస్‌కు బృందాలు వెళ్తాయి. అవగాహన ఒప్పందాల మీద సంతకాలు, మరుసటి రోజు పత్రికల్లో ఫొటోలు. తీరా టెండరు తెరిచేసరికి ఆ ఫొటోలో ఉన్నవాళ్లలో ఎవరూ ఉండరు. ఎందుకు? దీనికి జవాబు ఈ సభ జరుగుతున్న హైదరాబాదు ఎర్రగడ్డ నుంచే మొదలుపెడతాను.

బయటికి వెళ్తే ముంబయి రహదారి మధ్యలో స్తంభాల మీద ఎర్రగడ్డ మెట్రో స్టేషను కనిపిస్తుంది. అటు భరత్‌నగర్, ఇటు ఈఎస్ఐ ఆసుపత్రి. 2017 నవంబరులో మియాపూర్ నుంచి నాగోలు దాకా మొదటి విడత తెరిచినప్పటి నుంచి రైళ్లు నడుస్తున్నాయి. ఆ స్టేషనులో నిలబడి విదేశాల నుంచి ఏమేం వచ్చాయో లెక్క పెట్టండి. రైలు కొరియా సంస్థ హ్యుందాయ్ రోటెమ్‌ది. మూడు పెట్టెల చొప్పున మొత్తం 57 రైళ్లు. సిగ్నలింగ్ ఫ్రాన్సు సంస్థ థేల్స్‌ది. మీరు కార్డు చూపించి దాటే గేట్ల వ్యవస్థ శామ్‌సంగ్‌ది. రైళ్లను రోజూ నడిపే పని ఫ్రాన్సుకే చెందిన కియోలిస్ చేతికి ఇచ్చారు. ఇంత ప్రపంచం ఆ ప్లాట్‌ఫాం మీద ఉంది. ఇక కిందకు చూడండి. పునాది, స్తంభం, వంతెన, అప్పు, నష్టం, కోర్టు కేసు అన్నీ మోసింది ఒక భారతీయ సంస్థ. లార్సెన్ అండ్ టూబ్రో, అంటే ఎల్ అండ్ టీ.

ఇదేదో యాదృచ్ఛికంగా జరిగిన పంపకం కాదు. రైలు తయారుచేసేవాడికి తన నష్టభయం ఎంతో తెలుసు. కొరియాలో ఉక్కు ధర, ఓడ కిరాయి, డాలరు మారకం, ఆలస్యమైతే కట్టవలసిన జరిమానా. అన్నీ లెక్క కట్టి ధర చెప్పగలడు. స్తంభం నిలబెట్టేవాడి నష్టభయం ఈ ఊరే. రోడ్డు వెడల్పు కోసం దుకాణాలు ఎప్పుడు ఖాళీ అవుతాయి? భూమిలో ఉన్న పాత మంచినీటి గొట్టం పటంలో చూపిన చోటే ఉందా? సుల్తాన్‌బజారులో, అసెంబ్లీ దగ్గర మార్గం మారుస్తారా, మార్చరా? మారిస్తే అదనపు ఖర్చు ఎవరిది? వీటికి సియోల్‌లోనో పారిస్‌లోనో కూర్చుని ధర కట్టలేరు. కట్టలేని చోట రెండే జరుగుతాయి: ధర ఆకాశానికి అంటుతుంది, లేదా మనిషి రాడు.

నేను చెప్పదలిచింది ఒక్కటే. విదేశీ సంస్థ ఎక్కడిదాకా వచ్చి ఆగిందో చూడండి. మన ఒప్పందాల బలహీనత సరిగ్గా అక్కడ ఉంటుంది. అది మన కాంట్రాక్టరునూ పీడిస్తున్న బలహీనతే. ఇతనికి వెళ్లడానికి వేరే చోటు లేక భరిస్తున్నాడు. అతనికి ఉంది కాబట్టి వెళ్లిపోతున్నాడు.

ఈ మెట్రో టెండరు కథే చూద్దాం. 2008లో మొదటిసారి పిలిచినప్పుడు మేటాస్ నాయకత్వంలోని బృందానికి దక్కింది. అందులో బ్యాంకాకుకు చెందిన ఇటాలియన్-థాయ్ కంపెనీ కూడా ఒక భాగస్వామి. మిగతావాళ్లు ప్రభుత్వాన్ని సాయం ఎంతిస్తావని అడుగుతుంటే, ఈ బృందం ఎదురు ప్రభుత్వానికే కాలక్రమంలో 30,000 కోట్ల రూపాయలకు పైగా ఇస్తామంది. జనం చప్పట్లు కొట్టారు. ఢిల్లీ మెట్రో శ్రీధరన్ గారు కొట్టలేదు. టికెట్ డబ్బుతో మెట్రో లాభాలు తీయడం ప్రపంచంలోనే అరుదు కాబట్టి, ఈ లెక్క వెనుక కళ్లు భూముల మీద ఉన్నాయని ప్రణాళికా సంఘానికి లేఖ రాశారు. రాష్ట్ర ప్రభుత్వం ఆయన మీద పరువునష్టం దావా వేస్తామంది. 2009 జనవరిలో సత్యం కుంభకోణం బయటపడింది. సత్యం యజమానుల కుటుంబ సంస్థే అయిన మేటాస్ అప్పు తెచ్చుకోలేకపోయింది. జూలైలో ఒప్పందం రద్దయింది. బృందంలో విదేశీ భాగస్వామి ఉన్నా ఒప్పందం నిలబడలేదు.  పేరు ఇచ్చినంత మాత్రాన పెట్టుబడి భారం నెత్తిన వేసుకున్నట్టు కాదు.

2010లో మళ్లీ పిలిచారు. ఈసారి ఎల్ అండ్ టీ 1,458 కోట్ల సాయం అడిగి గెలిచింది. సెప్టెంబరులో 35 ఏళ్ల ఒప్పందం మీద సంతకాలయ్యాయి. ఆ టెండరుకు అర్హత పొందిన బృందాల్లో విదేశీ భాగస్వాములున్నవీ ఉన్నాయి. కాని అర్హత పొందినవాళ్లలో చాలామంది ధర పత్రం వేయకుండానే వెనుదిరిగారు. ఎందుకని వాళ్లను ఎవరైనా అడిగారా? అడిగి రాసిపెట్టారా? అడిగి ఉంటే ఆనాడే తెలిసేదేమో, ప్రయాణికుల సంఖ్య తగ్గితే ఆ నష్టాన్ని ఒక్క కంపెనీ నెత్తినే పెట్టడం ఎంత బరువైన షరతో. పదిహేనేళ్ల తర్వాత ఆ బరువు లెక్క తేలింది. కరోనా కాలంలో నెలల తరబడి రైళ్లు ఆగాయి, అప్పు పెరిగింది. 2025 సెప్టెంబరులో రాష్ట్ర ప్రభుత్వమే మెట్రోను తీసుకోవడానికి సూత్రప్రాయంగా ఒప్పుకుంది. సుమారు 13,000 కోట్ల అప్పు, దాని మీద వాటాకు 2,000 కోట్లు. కాగితం మీద ప్రైవేటుకిచ్చిన నష్టభయం చివరికి ఖజానాకే తిరిగి వచ్చింది.

ఇక గోదావరి మీది పోలవరం ప్రాజెక్టు. 2013లో ప్రధాన ఆనకట్ట పని 4,054 కోట్లకు ట్రాన్స్‌ట్రాయ్, రష్యాకు చెందిన జేఎస్‌సీ ఈసీ యూఈఎస్ ఉమ్మడి సంస్థకు దక్కింది. ఇంత పెద్ద పనికి అర్హత నిబంధనలు ఉంటాయి. ఇంత పరిమాణంలో కాంక్రీటు పోసి ఉండాలి, ఇంత టర్నోవరు ఉండాలి. ఇక్కడి సంస్థకు ఆ అనుభవం లేకపోతే, ఉన్న విదేశీ సంస్థను జత కలుపుకుంటుంది. అందులో తప్పేమీ లేదు, అనుభవం నిజంగా పనిలోకి దిగితే. గోదావరి గట్టున ఆ రష్యా సంస్థ ఉనికి ఎంతో అక్కడ పనిచేసినవాళ్లను అడిగితే చెబుతారు. ఫిల్మ్‌నగర్ ఉన్న ఊరివాళ్లకు ఇది వివరించి చెప్పనక్కర్లేదు: పోస్టరు నిండా పెద్ద నటుడి ముఖం, సినిమాలో ఆయనది రెండు నిమిషాల అతిథి పాత్ర. టికెట్ కొన్నవాడు మోసపోయినట్టే, పోస్టరు చూసి అర్హత ఇచ్చిన శాఖా మోసపోతుంది. ఏళ్లు గడిచాయి, పని నత్తనడక నడిచింది. ఆ సంస్థను తప్పించి 2018లో నవయుగకు, 2019లో రివర్స్ టెండరింగ్ పేరుతో మేఘాకు అప్పగించారు.

అదే పోలవరంలో మరో విదేశీ సంస్థ ఉంది. జర్మనీకి చెందిన బావర్. నది అడుగున ఇసుకలో నీరు ఊరకుండా గోడ దించడం, అంటే డయాఫ్రం వాల్, దాని ప్రత్యేక విద్య. ఎల్ అండ్ టీ జియోస్ట్రక్చర్‌తో కలిసి 2018 నాటికి గోడ పూర్తి చేసింది. నదిని మళ్లించే కాఫర్ డ్యాములు సగంలో ఉండగా వచ్చిన వరదల్లో 2020లో ఆ గోడ దెబ్బతిన్నది. తప్పు ఎవరిదన్న రాజకీయ వాదన ఇంకా నడుస్తోంది. ఇక్కడ నాకు కావలసింది వేరే. 2025 జనవరిలో కొత్త గోడ మొదలుపెట్టినప్పుడు మళ్లీ బావర్‌నే పిలిచారు. టెండరు కాగితం మీద ప్రధాన స్థానంలో కూర్చున్న విదేశీ పేరు పోయింది. సబ్ కాంట్రాక్టరుగా దిగి యంత్రం తిప్పిన విదేశీ విద్య తిరిగి వచ్చింది. మనకు కావలసింది ఈ రెండిట్లో ఏదో టెండరు రాసేవాడికి ముందే తెలిసి ఉండాలి.

పేరు, పెట్టుబడి, యంత్రం, విద్య నాలుగూ వేర్వేరు సరుకులు. శంషాబాదు విమానాశ్రయంలో జీఎంఆర్ పక్కన మలేషియా ఎయిర్‌పోర్ట్స్ 11 శాతం వాటా పెట్టింది. విమానాశ్రయం నడిపిన అనుభవం దానిది, సొంత డబ్బూ అందులో ఇరుక్కుని ఉండేది. 2008లో విమానాలు ఎగిరిన తర్వాత కూడా చాలా ఏళ్లు ఆ వాటా వదలలేదు. డబ్బు పెట్టినవాడు ఫోను చేస్తే ఎత్తుతాడు. పేరు అరువిచ్చినవాడు ఎత్తడు.

ఇప్పుడు బల్లకు అటువైపు కూర్చుందాం. విదేశీ సంస్థ మనవాళ్లదే అయితే ఎలా ఉంటుంది? 2010లో మాల్దీవుల రాజధాని మాలే విమానాశ్రయాన్ని మన రాజాం గ్రంధి మల్లికార్జునరావు గారి జీఎంఆర్, అదే మలేషియా సంస్థతో కలిసి పోటీలో గెలుచుకుంది. 25 ఏళ్ల ఒప్పందం, 50 కోట్ల డాలర్లకు పైగా పెట్టుబడి. 2012 ఫిబ్రవరిలో అక్కడ ప్రభుత్వం మారింది. నవంబరులో కొత్త ప్రభుత్వం ఒప్పందమే చెల్లదంది. వివాదం మధ్యవర్తిత్వానికి వెళ్లింది. 2014లో ట్రైబ్యునల్ ఒప్పందం చెల్లుతుందని తేల్చింది. 2016లో సుమారు 27 కోట్ల డాలర్ల పరిహారం ఇప్పించింది, మాల్దీవుల ప్రభుత్వం చెల్లించింది. ఆ వార్త వచ్చినప్పుడు మనమంతా న్యాయం గెలిచిందన్నాం. ఎవరు కాపాడారు మన కంపెనీని? సంతకం నాడు రాసుకున్న వివాద పరిష్కార నిబంధన. తటస్థమైన చోట, నిష్పక్షపాతంగా వినే మనుషులు. ఆ నిబంధన మాలేలో మనకు ఎంత అవసరమో, మన దగ్గరికి వచ్చేవాడికీ అంతే అవసరం. ఇది ఒప్పుకోవడానికి మనకు మొహమాటం ఎందుకు?

మన దగ్గర ఏం జరిగింది? అమరావతి స్టార్టప్ ప్రాంతం, 1,691 ఎకరాలు. సింగపూరు సంస్థలు అసెండాస్-సింగ్‌బ్రిడ్జ్, సెంబ్‌కార్ప్ కలిసి స్విస్ ఛాలెంజ్ పద్ధతిలో తీసుకున్నాయి. ఈ పద్ధతిలో మొదట ప్రతిపాదన ఇచ్చినవాడికి, తర్వాత ఎవరైనా మెరుగైన ధర వేస్తే దానికి సరితూగే హక్కు ఉంటుంది. మరి మూడో దేశపు సంస్థ లక్షల డాలర్లు ఖర్చుపెట్టి బిడ్ తయారుచేసి, చివరికి ఎదుటివాడి చేతికి తన ధర ఎందుకు అందించాలి? ఒకరిని పిలిచే పద్ధతి మిగతావాళ్లను తరిమే పద్ధతి అయింది. 2016లో హైకోర్టు స్టే ఇస్తే చట్టాన్నే సవరించారు. ఆట మధ్యలో నియమాలు మార్చారు. 2019లో ప్రభుత్వం మారింది, నవంబరులో ఆ ఒప్పందం ముగిసింది. అదే ఏడాది విద్యుత్ కొనుగోలు ఒప్పందాలను తిరగదోడబోతే జపాన్ రాయబారే ముఖ్యమంత్రికి లేఖ రాయవలసి వచ్చింది. ఒక ప్రభుత్వం ఎర్రతివాచీ పరిచి, తర్వాతి ప్రభుత్వం దాన్ని చుట్టేస్తే, మూడో ప్రభుత్వం ఎంత మంచి తివాచీ పరిచినా వచ్చేవాడు ముందు కింద నేల తడిమి చూస్తాడు. నేను ఏ పార్టీనీ తప్పుపట్టడం లేదు. ఒప్పందం మీద సంతకం పార్టీది కాదు, రాష్ట్రానిది అన్న ఎరుక రెండు వైపులా కొరవడింది.

ఒక ప్రశ్న సభలో చాలామంది మనసులో ఉంటుంది. అసలు విదేశీ సంస్థలు రావడమెందుకు? మనవాళ్లు చాలరా? చాలా పనులకు చాలుతారు. అమరావతికి ప్రపంచ బ్యాంకు, ఆసియా అభివృద్ధి బ్యాంకు 2024 డిసెంబరులో చెరి సుమారు 80 కోట్ల డాలర్లు మంజూరు చేశాయి. తర్వాత జరిగిన టెండర్లలో పనులు ఎక్కువగా దక్కించుకున్నవి భారతీయ సంస్థలే. రోడ్డు, భవనం, కాలువ తవ్వకంలో మన ధరకు బయటివాడు పోటీ రాలేడు, రానక్కర్లేదు. కేంద్రం కూడా 2020 నుంచి 200 కోట్ల లోపు కొనుగోళ్లకు గ్లోబల్ టెండరు పిలవకూడదని నియమం పెట్టింది. అది సబబే. అదే ఏడాది జూలైలో మన సరిహద్దు దేశాల సంస్థలు ముందుగా రిజిస్ట్రేషను చేసుకోవాలన్న ఉత్తర్వూ వచ్చింది. దేశ భద్రతకు అది అవసరం కావచ్చు, పోటీకి వచ్చేవాళ్ల సంఖ్య మాత్రం తగ్గుతుంది. మనకు బయటి విద్య నిజంగా కావలసినవి కొన్ని పనులే: లోతైన సొరంగాలు, నది అడుగు గోడలు, సిగ్నలింగ్, పెద్ద విమానాశ్రయాల నిర్వహణ. రెండో కారణం, కొత్తవాడు పోటీకి వస్తే రింగు కట్టడం కష్టమవుతుంది. టెండరు తెరవకముందే ఎల్-1, అంటే అతి తక్కువ ధర వేసినవాడు, ఎవరో ఊరంతా చెప్పుకునే రోజులు మీకు తెలుసు.

అలాంటి సంస్థ మన టెండరు చేతికి రాగానే మొదట ఏం చదువుతుంది? పని విలువ ఉన్న పేజీ కాదు, షరతుల పేజీలు.

మొదటిది భూమి. జాతీయ రహదారుల సంస్థ పని మొదలు తేదీ ప్రకటించేముందు 80, 90 శాతం భూమి చేతిలో ఉండాలన్న నియమం పెట్టుకుంది. రాష్ట్రాల పనుల్లో టెండరు ముందు, భూసేకరణ తర్వాత. యంత్రాలు దించుకుని, సిబ్బందికి జీతాలిస్తూ, భూమి కోసం కూర్చోవడం ఎవరి ఖర్చు?

రెండోది నేల. శ్రీశైలం ఎడమగట్టు సొరంగం పనిని 2005లో జయప్రకాశ్ అసోసియేట్స్‌కు ఇచ్చారు. దాదాపు 44 కిలోమీటర్లు. పులుల అభయారణ్యం కింద కాబట్టి మధ్యలో ఎక్కడా దారి తవ్వే వీల్లేదు. అమెరికా సంస్థ రాబిన్స్ సొరంగ యంత్రాలు తెచ్చారు. యంత్రం ప్రపంచస్థాయిదే. ఎదురైన నేల దానికి చెప్పినది కాదు. ఇరవై ఏళ్లు గడిచినా సొరంగం పూర్తికాలేదు. 2025 ఫిబ్రవరి 22న లోపల పైకప్పు కూలి ఎనిమిదిమంది కార్మికులు ప్రాణాలు కోల్పోయారు. అంతర్జాతీయ కన్సల్టింగ్ ఇంజినీర్ల సమాఖ్య ఫిడిక్ 2019లో భూగర్భ పనుల కోసమే ఒక ప్రత్యేక ఒప్పంద నమూనా తెచ్చింది. టెండరుకు ముందే యజమాని నేలను పరీక్షించి ఒక ప్రాతిపదిక నివేదిక ఇవ్వాలి. అందులో చెప్పిన నేల ఎదురైతే కాంట్రాక్టరుది బాధ్యత, చెప్పనిది ఎదురైతే యజమానిది. ముందు పరీక్షకయ్యే ఖర్చుకు వెనకాడి, డిజైను నుంచి నిర్మాణం దాకా ఒకరికే అప్పగించే ఈపీసీ పేరుతో నేలంతా కాంట్రాక్టరు మీదకు తోసేసి, ఆ తోసివేతనే పొదుపు అనుకుంటున్నాం.

మూడోది బిల్లు. టోకెన్ పడింది, డబ్బు పడలేదన్న మాట ఈ హాల్లో కాంట్రాక్టర్లందరికీ కంఠస్థం. చిన్న కాంట్రాక్టర్లు బిల్లుల కోసం ధర్నాలకు దిగడం, హైకోర్టు మెట్లెక్కడం రెండు రాష్ట్రాల్లోనూ చూస్తున్నాం. ఊళ్లో సీసీ రోడ్డు వేసినవాడికి డబ్బు ఇవ్వని రాష్ట్రం తనకిస్తుందని పరాయి దేశంవాడు ఎలా నమ్ముతాడు? అతని దగ్గర రేటింగ్ సంస్థల నివేదికలుంటాయి, ఇక్కడ లాయర్లుంటారు. మన పెండింగ్ బిల్లుల కథ మనకంటే ముందే చదువుతాడు.

నాలుగోది గొడవ వస్తే ఏమిటన్నది. మన మధ్యవర్తిత్వ చట్టాన్ని 2015లో సవరించి తీర్పుకు గడువు పెట్టారు. హైదరాబాదులో 2021లో అంతర్జాతీయ మధ్యవర్తిత్వ కేంద్రం తెరిచారు. మంచి అడుగులు. 2024 జూన్‌లో కేంద్ర ఆర్థిక శాఖ, ప్రభుత్వ ఒప్పందాల్లో 10 కోట్లు దాటిన వివాదాలకు మధ్యవర్తిత్వ నిబంధన మామూలుగా పెట్టవద్దని మార్గదర్శకాలిచ్చింది. ప్రభుత్వం పదేపదే ఓడిపోతోందన్నది వాళ్ల బాధ. ఆ బాధ నాకు అర్థమవుతుంది. ఓడిపోతుంటే ఫైళ్లలో నిర్ణయాలు సకాలంలో రాసుకోవాలి, ఆటస్థలం మూసేస్తే ఎలా?

కాబట్టి నా సూచనలు నాలుగే. ఒకటి, ఉమ్మడి సంస్థలో విదేశీ భాగస్వామి ఏ పని తన చేత్తో చేస్తాడో, ఏ నిపుణులు సైటులో ఉంటారో టెండరులోనే రాయించండి. రాసినట్టు రాకపోతే బ్యాంకు గ్యారంటీ వసూలు చేయండి. రెండు, పెద్ద పనులకు విడిగా ఎస్క్రో ఖాతా తెరిచి, కొలతల పుస్తకం (ఎంబీ) రాసిన నాటి నుంచి గడువు లెక్కించి, దాటితే వడ్డీ అడగకుండానే పడేలా చేయండి. మూడు, పని మొదలైన రోజు నుంచే ముగ్గురు నిపుణుల వివాద బోర్డును నియమించండి. గొడవ ముదిరాక ఎంత పెద్ద న్యాయమూర్తి వచ్చినా ఖర్చే. నాలుగు, టెండరు పత్రాలు తీసుకుని ధర వేయకుండా వెళ్లిపోయిన ప్రతి సంస్థనూ నెలలోగా అడిగి, ఏ షరతు చూసి వెనుదిరిగిందో రాయించుకుని ఆ జాబితా అందరికీ కనబడేలా పెట్టండి. గెలిచినవాడి పొగడ్త కంటే వెళ్లిపోయినవాడి విమర్శ మనకు ఎక్కువ నేర్పుతుంది. దీనికి విదేశీ పర్యటన అక్కర్లేదు, ఒక ఈ-మెయిలు చాలు.

ఇవేవీ విదేశీ సంస్థకు ఇచ్చే రాయితీలు కావు. భూమి ముందే ఇవ్వడం, నేల ముందే చూడటం, బిల్లు వేళకు చెల్లించడం, గొడవను నిష్పక్షపాతంగా తేల్చడం, ఇవన్నీ ముందుగా బాగుచేసేది కరీంనగర్‌లో, కాకినాడలో చిన్న పనులు చేసుకునే మన కాంట్రాక్టర్లనే. రావు గారి తరం కంపెనీని పిలవకుండా విద్యను తెచ్చుకుంది. మన తరం కంపెనీని పిలుస్తోంది, విద్య వచ్చిందో లేదో చూసుకోవడం లేదు.

వెనక కూర్చున్న విద్యార్థులకు ఒక్క మాట. హైదరాబాదు మెట్రో రెండో దశకు 76.4 కిలోమీటర్ల ప్రతిపాదన 24,269 కోట్ల అంచనాతో 2024లో కేంద్రానికి వెళ్లింది. ఆమోదం వస్తే దాని టెండర్లు వస్తాయి. ఏ దేశం కంపెనీ గెలిచిందన్న వార్త పత్రికలు మొదటి పేజీలో వేస్తాయి. మీరు టెండరు పత్రం సంపాదించి, భూమి ఎవరిది, నేల ఎవరిది, ప్రయాణికులు తగ్గితే నష్టం ఎవరిదన్న మూడు నిబంధనలు చదవండి. ఆ మూడూ సరిగ్గా రాసి ఉంటే ఎవరు గెలిచినా మెట్రో నిలబడుతుంది. లేకపోతే ఎంత గొప్ప పేరు గెలిచినా పదిహేనేళ్లకు అప్పు మన ఇంటికే వస్తుంది.